ఒక్క సెమిస్టర్ దెబ్బతింటే లా సీటు పోతుందా?

నవంబర్, డిసెంబర్ నెలలొచ్చేసరికి డెల్టాలో డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ల మీద రెండు పనులు ఒకేసారి పడతాయి. సార్వా కోతలు ఒకవైపు, మొదటి, మూడో, ఐదో సెమిస్టర్ల పరీక్షలు ఇంకోవైపు. తుఫాను కబురొచ్చిందంటే పనల మీదున్న వరిని గట్టుకు చేర్చడానికి ఇంటిల్లిపాదీ కదలాల్సిందే, మర్నాడు పరీక్ష ఉన్నవాళ్లయినా సరే. అంతకు ముందు జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే కోనసీమ లంకల్లో కాజ్‌వేలు మునిగిపోతాయి, పడవెక్కితే తప్ప కాలేజీకి చేరలేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో వచ్చిన వరద 25 లక్షలు దాటింది. అలాంటి ఏడాది హాజరు తగ్గినా, రెండు మూడు పేపర్లు పోయినా ఆశ్చర్యపడాల్సిన పనిలేదు. ఇంట్లో జబ్బులు, అప్పులు, చావుల వల్ల చదువు చెదిరినవాళ్లు వీళ్లకు అదనం.

అలా ఒక సెమిస్టర్ చెడ్డాక లా చదవాలనుకున్న విద్యార్థిని పట్టుకునే భయం ఒకటుంది. మెమోలో ఆ మచ్చ చూసి సీటివ్వరేమోనని. ఈ భయంతో రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌కు దరఖాస్తు కూడా పెట్టకుండా ఊరుకునేవాళ్లుంటారు. నిజానికి మన దగ్గర జరిగే లా ప్రవేశాల్లో మెమోను సెమిస్టర్ల వారీగా చదివి తీర్పు చెప్పే మనిషంటూ ఎవరూ ఉండరు. ఉన్నవి కొన్ని గడపలు మాత్రమే. మార్కులు తగ్గిన సెమిస్టర్ వాటిని దాటడానికి అడ్డమయ్యేది చాలా అరుదు. పేపర్లు మిగిలిపోయిన సెమిస్టర్ మాత్రం నిజంగానే అడ్డుపడుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే భయపడాల్సిన చోట ధైర్యంగానూ, ధైర్యంగా ఉండాల్సిన చోట భయపడుతూనూ ఉంటారు.

ముందు అర్హత సంగతి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం డిగ్రీలో కనీసం 45 శాతం ఉండాలి. లాసెట్‌లో బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. ఇది మొత్తం డిగ్రీ మీద చూసే శాతమే తప్ప ఏ ఒక్క సెమిస్టర్‌దో కాదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా ఈ గీత మారదు. డబ్బు కడితే శాతం చూడరని చెప్పేవాళ్ల మాట నమ్మితే, చదువంతా అయ్యాక బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర చిక్కు మొదలవుతుంది.

ఇక లెక్క. ఆరు సెమిస్టర్లకూ మార్కులు సమానమనుకుందాం. డిగ్రీలో పాస్ మార్కు 40 శాతం ఉన్నచోట, పోయిన పేపర్లన్నీ సప్లీలో కట్టేశాక ఎంత చెడ్డ సెమిస్టరైనా 40 దగ్గర ఆగుతుంది. ఫెయిలైనప్పుడు వచ్చిన 18, 22 లాంటి మార్కులు లెక్కలో ఉండవు, పాసైనప్పటి మార్కే నిలుస్తుంది. కాబట్టి ఒక సెమిస్టర్ 40 దగ్గర ఉంటే, మిగతా ఐదింటి సగటు 46 ఉన్నా మొత్తం 45కు చేరుతుంది. రెండు సెమిస్టర్లు 40 దగ్గర పడితే మిగతా నాలుగింటి సగటు 47.5 కావాలి. మూడు పడితే మిగతా మూడింటికీ 50 చాలు. బీసీ విద్యార్థికి గీత 42 కనుక ఒక సెమిస్టర్ చెడినా మిగతా ఐదింట 42.4 సగటు సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి ఇలాంటిచోట డిగ్రీ పాసవడమే అర్హత.

పాస్ మార్కు 35గా ఉన్న కోర్సుల్లో లెక్క కాస్త బిగుస్తుంది. ఒక సెమిస్టర్ 35 దగ్గర ఉంటే మిగతావాటి సగటు 47, రెండైతే 50 ఉండాలి. 60 పైన మార్కులు తెచ్చుకునే విద్యార్థికి ఈ గోలే లేదు. ఐదు సెమిస్టర్లలో 62 తెచ్చుకుని ఒకదాంట్లో 40కి దిగితే మొత్తం 58కి పైనే ఉంటుంది. అతన్ని ఎవరూ ఏమీ అడగరు.

అసలు జాగ్రత్తపడాల్సిన లెక్క ఇంకోటుంది. సీజీపీఏను, అంటే డిగ్రీ మొత్తం మీద గ్రేడు పాయింట్ల సగటును, శాతంగా మార్చే పద్ధతి అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఒకటి కాదు. కొన్నిచోట్ల సీజీపీఏను 10తో గుణిస్తే సరి. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఇంజనీరింగ్ కోర్సుల్లో, ముందు 0.5 గాని 0.75 గాని తీసేసి ఆ తర్వాత గుణిస్తారు. సీజీపీఏ 5.1 వచ్చిన బీటెక్ విద్యార్థి తనకు 51 శాతం ఉందనుకుంటాడు. 0.75 తీసేసే పద్ధతిలో అది 43.5. అంటే జనరల్ కేటగిరీలో అతనికి అర్హతే లేదు, ఆ సంగతి కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసేటప్పుడు బయటపడుతుంది. బీటెక్ అయ్యాక లా వైపు వచ్చేవాళ్లు ముందుగా చూడాల్సింది తమ బ్యాచ్ రెగ్యులేషన్‌లో ఉన్న ఈ ఒక్క సూత్రమే. అది మెమో వెనకవైపు ఉంటుంది, లేకపోతే పరీక్షల విభాగంలో అడిగి సీజీపీఏ నుంచి శాతానికి మార్చిన ధ్రువపత్రం తీసుకోవాలి. క్రెడిట్ల పద్ధతిలో ప్రతి పేపరుకూ ఒకే బరువుండదని కూడా మరవకూడదు. 4 క్రెడిట్ల పేపర్లో పడిపోయిన గ్రేడు 2 క్రెడిట్ల పేపర్లో పడిపోయినదానికి రెట్టింపు లాగుతుంది. గ్రేడు పాయింటును క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ ఒక్క సెమిస్టర్ సగటు. ఆరు సెమిస్టర్లకూ ఇదే చేస్తే సీజీపీఏ. ఈ లెక్క విద్యార్థి తన చేత్తో ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. భయంలో సగం అక్కడే తీరిపోతుంది, లేదా అసలు ప్రమాదం ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది.

మార్కుల గడప ఇంత తేలికైతే సీట్లు ఎక్కడ పోతున్నాయి? తేదీల దగ్గర.

లాసెట్‌కు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో పరీక్ష మే, జూన్ నెలల్లో జరుగుతోంది. కౌన్సెలింగ్ మాత్రం ఆ తర్వాత కొన్ని నెలలకు గాని మొదలు కావడం లేదు. కౌన్సెలింగ్ నాటికి డిగ్రీ పాసై, ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకచోట ఉండే కన్సాలిడేటెడ్ మెమో చేతిలో ఉండాలి. ఒక్క పేపరు మిగిలినా ర్యాంకు ఎంత మంచిదైనా వృథా. ఈ ఆలస్యం కొందరికి మేలే చేస్తుంది, ఆ వ్యవధిలో సప్లీ ఫలితాలు వచ్చేస్తాయి. కానీ దాన్ని నమ్ముకోకూడదు. కౌన్సెలింగ్ ఏ ఏడాది ఎప్పుడు మొదలవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడే ఏ సెమిస్టర్ చెడిందన్న ప్రశ్న ఎంత చెడిందన్నదానికంటే పెద్దదవుతుంది. మొదటి సెమిస్టర్ పేపరు పోతే మళ్లీ రాయడానికి మూడో సెమిస్టర్‌తో ఒకసారి, ఐదో సెమిస్టర్‌తో ఇంకోసారి అవకాశం ఉంటుంది. రెండో సెమిస్టర్‌దైతే నాలుగు, ఆరులతో. ఐదో సెమిస్టర్‌లో పోతే అలా కాదు. విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా సప్లిమెంటరీ పెడితే సరే, లేకపోతే మళ్లీ ఐదో సెమిస్టర్ పరీక్షలు వచ్చేది తర్వాతి నవంబర్‌లోనే. అంటే లా ప్రవేశం ఒక ఏడాది వెనక్కి పోయినట్టే. 2020-21 నుంచి అమల్లోకొచ్చిన పాఠ్య ప్రణాళికలో ఐదు, ఆరు సెమిస్టర్లలో ఒకటి పూర్తిగా ఇంటర్న్‌షిప్‌కు పోతుంది. ఇంటర్న్‌షిప్ కదా అని తేలిగ్గా తీసుకుని రిపోర్టు ఆలస్యంగా ఇచ్చినా, వైవాకు పోకపోయినా అదీ బ్యాక్‌లాగే. క్రెడిట్లు పడనిదే డిగ్రీ పూర్తి కాదు.

కాబట్టి మొదటి ఏడాది నాలుగు పేపర్లు పోయిన విద్యార్థి కంటే ఐదో సెమిస్టర్‌లో ఒక్క పేపరు పోయిన విద్యార్థి పరిస్థితి కష్టం. చాలా ఇళ్లలో దీన్ని తలకిందులుగా చూస్తారు. మొదటి ఏడాది మెమో చూసి పిల్లల్ని నానా మాటలూ అంటారు, చివర్లో పోయిన ఒక్క పేపర్ని పట్టించుకోరు.

జబ్బుతోనో వరదతోనో సెమిస్టర్ నడుస్తుండగానే దెబ్బతింటే, వెంటనే చూడాల్సినవి హాజరు, పరీక్ష ఫీజు. సాధారణంగా 75 శాతం హాజరు అడుగుతారు. 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాల మీద హాజరు లోటును మాఫీ చేసే కండొనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకు పంపుతారు. దానికి డాక్టరిచ్చిన సర్టిఫికెట్ కావాలి, అది జబ్బు చేసిన తేదీలతో ఉండాలి. సెమిస్టర్ అంతా అయిపోయాక ఆరెంపీ దగ్గర రాయించుకొచ్చిన కాగితం చెల్లదు. ఆస్పత్రి చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు పారేయకుండా ఉంచుకుంటే అప్పుడు పనికొస్తాయి. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మొత్తాన్నీ కింది బ్యాచ్‌తో మళ్లీ చదవాలి. ఐదు పేపర్లలో ఫెయిలవడం కంటే ఇది ఘోరం, ఎందుకంటే అక్కడ పోయేది పేపర్లు కాదు, ఏడాది. వరద రోజుల్లో కాజ్‌వే మునిగి రాలేకపోయిన లంక విద్యార్థులు నీళ్లు తీయగానే ప్రిన్సిపాల్‌కు తేదీలతో అర్జీ రాసి, ఒక నకలు మీద అందినట్టు సంతకం చేయించుకోవాలి. నెల తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

పరీక్ష ఫీజు సంగతి ఇంకా చిన్నగా కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పెద్దది. రాయలేననుకున్నా సరే ఫీజు కట్టి హాల్‌టికెట్ తీసుకోవాలి. మామూలు డిగ్రీ కోర్సుల్లో పరీక్షకు రిజిస్టరైన విద్యార్థి పేపర్లు పోయినా తర్వాతి సెమిస్టర్‌కు వెళ్తాడు. ఫీజే కట్టనివాడు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. బీటెక్‌లోనైతే దీనికితోడు క్రెడిట్ల నిబంధన ఉంటుంది, నిర్ణీత క్రెడిట్లు రాకపోతే పై ఏడాదికి పంపరు.

చదువు సాగక రెగ్యులర్ కాలేజీ మానేసి దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. అదేమీ తప్పుదారి కాదు. కానీ బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఒక షరతుంది. పది, ఇంటర్ వరుసగా పాసై ఆపైన డిగ్రీ చేసి ఉండాలి. ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా చేసిన డిగ్రీ లాకు పనికిరాదు.

ఈ గడపలు దాటాక డిగ్రీ మార్కుల పాత్ర అయిపోతుంది. లాసెట్ ర్యాంకులో డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదు. 45 శాతంతో వచ్చిన విద్యార్థీ 85 శాతంతో వచ్చిన విద్యార్థీ ఒకే గీత మీద నిలబడి పరుగు మొదలుపెడతారు. పరీక్ష 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అధ్యయనానికి తగిన ఆప్టిట్యూడ్‌కు 60. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. తప్పు జవాబుకు మార్కు కోయరు. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లే దొరుకుతాయి కాబట్టి తెలియనిదాని దగ్గర ఆగి కూర్చోకూడదు, చివరికి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. మార్కులు సమానమైతే ముందు చూసేది ఆ 60 మార్కుల భాగాన్నే. రాజ్యాంగం మౌలిక విషయాలు, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, కాంట్రాక్టు, టార్టు (నష్టపరిహారం కోరదగ్గ సివిల్ తప్పులు), క్రిమినల్ చట్టాల తొలిపాఠాలు, సూత్రం ఇచ్చి సంఘటనకు వర్తింపజేయమనే ప్రశ్నలు ఇక్కడ వస్తాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. తెలుగు మీడియంలో బీఏ చదివిన విద్యార్థికి ఇది నిజమైన వెసులుబాటు. చెడిన సెమిస్టర్‌ను తలుచుకుంటూ పోగొట్టుకునే నెలను ఈ 60 మార్కుల మీద పెడితే ర్యాంకు ఎంతో మెరుగవుతుంది. భీమవరం డీఎన్నార్ లా కాలేజీ, రాజమహేంద్రవరం జీఎస్‌కేఎం లా కాలేజీ, ఏలూరు సర్ సీఆర్ రెడ్డి లా కాలేజీ, ఇవన్నీ కన్వీనర్ సీట్లకు చూసేది ఆ ర్యాంకును, రిజర్వేషన్‌ను, స్థానికతను.

రాష్ట్రం దాటితే గీత కొద్దిగా జరుగుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఎల్‌ఎల్‌బీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, జనరల్ కేటగిరీకి డిగ్రీలో 50 శాతం కావాలి. పై లెక్క ప్రకారం ఒక సెమిస్టర్ 40 దగ్గర పడినవాళ్లకు మిగతా ఐదింట 52, రెండు పడితే మిగతా నాలుగింట 55 సగటు ఉండాలి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ మూడేళ్ల కోర్సుకు ఎన్‌ఎల్‌శాట్ అనే సొంత పరీక్ష పెడుతుంది, అక్కడ గీత 45 శాతమే. ఇక్కడా ప్రవేశ పరీక్షదే పైచేయి. ఇంటర్వ్యూలు పెట్టి పాత మార్కులు చూసే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో అడిగితే జవాబు చెప్పుకోవాలి.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకు వెళ్లేవాళ్లకు సెమిస్టర్ల బాధ లేదు, మొదటి ఏడాది చెడటమే బాధ. లాసెట్‌కైనా, విశాఖ దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రవేశమిచ్చే క్లాట్‌కైనా ఇంటర్ మొత్తంలో 45 శాతం అడుగుతారు. క్లాట్‌లో ఎస్సీ, ఎస్టీలకు 40. ఇంటర్‌లో పాసైన పేపర్లకు కూడా బెటర్‌మెంట్ రాసుకునే వీలుండటం ఇక్కడ పెద్ద ఊరట. క్లాట్ ఇంగ్లిషులోనే ఉంటుంది, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది.

అమెరికాలో లా చదవాలనుకునే పిల్లల విషయంలో మాత్రం ఇంతవరకు చెప్పుకున్నదంతా తిరగబడుతుంది. డెల్టాలో ప్రతి రెండో వీధిలో అమెరికా చుట్టాలున్న ఇల్లు ఒకటుంటుంది కనుక ఈ ప్రశ్న తరచు వస్తూనే ఉంటుంది. అక్కడి లా డిగ్రీ అయిన జేడీ కోర్సుకు సాధారణంగా కావలసింది డిగ్రీ, 120 నుంచి 180 మధ్య స్కోరిచ్చే ఎల్‌శాట్ పరీక్ష, వ్యాసాలు, సిఫారసు లేఖలు. కనీస శాతమనే గడప లేదు గాని, కమిటీ కూర్చుని సెమిస్టర్ సెమిస్టరూ చదువుతుంది. అక్కడే కాలేజీ చదివిన పిల్లల గ్రేడ్లను ఎల్‌శాట్ నిర్వహించే ఎల్‌శాక్ సంస్థ తన పద్ధతిలో 4.33 స్కేలు మీద మళ్లీ లెక్క వేస్తుంది. ఒక కోర్సులో ఫెయిలై మళ్లీ రాసి ఏ గ్రేడు తెచ్చుకున్నా, ట్రాన్‌స్క్రిప్టులో రెండు గ్రేడ్లూ ఉంటే రెండూ లెక్కలోకి వస్తాయి. మన దగ్గర సప్లీ మార్కు పాతదాన్ని తుడిచేసినట్టు అక్కడ తుడిచేయదు. గడువులోపల కోర్సు విత్‌డ్రా చేసుకుంటే, కాలేజీ దాన్ని ఫెయిల్‌గా లెక్కించనంతవరకు, ఆ గుర్తు జీపీఏలోకి రాదు. అందుకే అక్కడ జబ్బు చేసినప్పుడు పట్టుబట్టి పరీక్ష రాయడం కంటే గడువు దాటకముందే విత్‌డ్రా చేసుకోవడం మేలు. ఇక్కడ ఇచ్చే సలహాకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఇక్కడి పెద్దలు ఫోన్లో అక్కడి పిల్లలకు ఎలాగోలా రాసెయ్యమని చెప్పేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

మన దేశంలో డిగ్రీ చేసి జేడీకి దరఖాస్తు పెట్టేవాళ్ల మార్కుల్ని ఎల్‌శాక్ 4.33 స్కేలులోకి మార్చదు. మొత్తం రికార్డు చూసి అత్యుత్తమం, సగటుకు పైన, సగటు, సగటుకు దిగువ అన్న నాలుగు తరగతుల్లో ఒకటిగా పేర్కొంటుంది. ట్రాన్‌స్క్రిప్టులు మాత్రం కాలేజీలు చూస్తాయి. చెడిన సెమిస్టర్ గురించి అడెండమ్ అనే చిన్న వివరణ జతచేసే వీలుంది. అది ఒక పేజీలోపు ఉండాలి. ఏం జరిగింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, దాని ప్రభావం ఏ పేపర్ల మీద, ఆ తర్వాత మార్కులు ఎలా కోలుకున్నాయి, ఇంతవరకే. లెక్చరర్లను తప్పుపట్టడం, జాలి కోరడం, జీవితపాఠాలు చెప్పడం అందులో చేయకూడదు. చెడింది ఒక్క సెమిస్టరేనని చూపించే బలమైన సాక్ష్యం తర్వాతి సెమిస్టర్లే. చివరి రెండు సెమిస్టర్లూ పైకి లేచి ఉంటే ఆ వివరణకు విలువ, లేకపోతే ఎంత బాగా రాసినా అది సాకుగానే మిగులుతుంది.

మళ్లీ ఇక్కడికే వస్తే, అసలు ఇరుకున పడేది 43, 44 శాతం దగ్గర ఆగిన జనరల్ కేటగిరీ విద్యార్థి. వీళ్లకు ఫలితాలొచ్చిన తర్వాతి కొద్ది రోజులే కీలకం. రీకౌంటింగ్‌కు, రీవాల్యుయేషన్‌కు గడువు చాలా తక్కువ, దాటిపోతే మళ్లీ తెరవరు. అన్ని పేపర్లకూ కట్టక్కర్లేదు. రాసినదానికీ వచ్చినదానికీ పొంతన లేదనిపించే రెండు మూడు పేపర్లకు, అందులోనూ ఎక్కువ క్రెడిట్లున్నవాటికి కట్టాలి. ఆరు సెమిస్టర్ల మొత్తం 3000 మార్కులైతే 44 శాతానికి 1320, 45కు 1350. కావలసింది 30 మార్కులే, కానీ రీవాల్యుయేషన్ ఒక్కటే అన్ని మార్కులు తెస్తుందనుకోవడం ఆశ. కొన్ని విశ్వవిద్యాలయాలు పాసైన పేపర్లను ఇంప్రూవ్‌మెంట్ కింద మళ్లీ రాయనిస్తాయి. అలాంటిచోట బొటాబొటీగా 40తో గట్టెక్కిన పాత పేపర్లను ఎంచుకోవాలి, 55 వచ్చినదాన్ని 65 చేయడం కంటే 40 వచ్చినదాన్ని 52 చేయడం సులువు. అయితే డిగ్రీ పూర్తయి ప్రొవిజనల్ తీసుకున్నాక ఇంప్రూవ్‌మెంట్‌కు ఒప్పుకోని నిబంధనలుంటాయి, అందుకే ఈ పని చివరి సెమిస్టర్‌లో ఉండగానే చూసుకోవాలి. 44.6 ఉంటే 45గా లెక్కేస్తారులే అన్న మాట మీద ఉండిపోకూడదు. ఆ ఏటి లాసెట్ బ్రోచర్‌లో ఏం రాశారో అదే లెక్క.

సర్టిఫికెట్ల దగ్గర జరిగే ఆలస్యం కూడా ఈ కోవలోదే. రీవాల్యుయేషన్‌లో మార్కు మారితే కొత్త మెమో రావాలి, అదొచ్చాక గాని కన్సాలిడేటెడ్ మెమో ఇవ్వరు. ఈలోగా ఫీజు బకాయి ఉందని కాలేజీ టీసీ ఆపితే కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఎత్తి రాతపూర్వకంగా అడిగిన విద్యార్థికి, నోటిమాటగా బతిమాలుకున్న విద్యార్థికంటే ముందు పనవుతుంది. కుల, ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు, స్థానికతకు స్టడీ సర్టిఫికెట్లు లాసెట్ రాసిన వారంలోనే సిద్ధం చేసుకుంటే, ఆఖరి మెమో ఎప్పుడొచ్చినా ఎదురుచూడాల్సింది దాని కోసం మాత్రమే అవుతుంది.